రెండో భాగం కావాలి

మా పెట్టె మూత లోపల నియమాలు రాసింది నేనే. రాయమని ఎవరూ అడగలేదు. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అన్నట్టు నేనే పూనుకున్నాను. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాణ్ణి కదా, కనబడ్డ ప్రతిదాన్నీ సరిచేయాలనే దురద. పెట్టెలోంచి ఒక ఆల్బమో పుస్తకమో తీసుకుంటే మరొకటి పెట్టాలి. అది ఎందుకు నచ్చిందో నోటుబుక్కులో ఒక పేజీ రాయాలి. ఇంటి గోల పెట్టెలో పెట్టకూడదు. ఈ మూడోదాని కింద రెండు గీతలు కూడా కొట్టాను.

మేం నలుగురం: నేను, ఆస్పత్రి నర్సు, బస్సు డ్రైవరు, ఆవిరన్న. అందరికీ పిచ్చి ఒక్కటే. అరుపే పాటగా, డ్రమ్ములు వడగళ్లవానలా పడే ఎక్స్‌ట్రీమ్ మెటల్. మా ఇళ్లలో దాన్ని సంగీతం అనరు. నేను పాట పెడితే "ఎవరికో పన్ను పీకుతున్నట్టున్నారు, తలుపు వేసుకోండి" అంటుంది మా ఆవిడ. అందుకే మాకా పెట్టె. డ్రైవరు దాన్ని తన బస్సులో వేసుకుని నెలకొకరికి చేరవేసేవాడు.

ఆవిరన్న ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా బాయిలర్ చూసుకుంటున్నాడు. ఎప్పుడూ ఎర్రగా ఉడికిపోయి, సబ్బు వాసన కొడుతూ ఉంటాడు. మాట్లాడితే పక్కవాడికి కూడా సరిగ్గా వినబడదు. బాయిలర్‌కి ముందు నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్లు ఎంత ఉన్నాయో అందులో తెలుస్తుంది. నీళ్లు గీత కిందికి దిగితే ఈల మోగుతుంది. వెంటనే లేచి మంట ఆపాలి. ఆపకపోతే బాయిలరూ మిగలదు, చూసుకునేవాడూ మిగలడు. నేను ఒకసారి వెళ్తే ఆ ఈల మోగించి చూపించి, "మా బ్యాండు సింగరు" అని నవ్వాడు.

మాలో అసలైన చదువరి ఆయనే. అరిచే గాయకుల గొంతుల మీద ఒక డాక్టరు రాసిన లావుపాటి పుస్తకం పెట్టెలోకి వచ్చిందంటే ఆయన చలవే. పెన్సిలు ముక్కతో పొందిగ్గా రాసేవాడు. ఒక ఆల్బమ్ గురించి ఇలా రాశాడు: "మూడో పాటలో పాడేవాడికి ఊపిరి అందదు. ఆ తప్పును తీసేయకుండా అలాగే ఉంచారు. అది వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడకండి." ఆ చోట నేను ఇప్పటికీ నోరు మూసుకుంటాను. నా నోరు మూయించినవాడికి దండం పెట్టాలంటుంది మా ఆవిడ.

పోయినేడాది చివర్లో ఆయన దగ్గర్నుంచి వచ్చిన పెట్టెలో కొత్త పేజీ లేదు. నల్లకాగితం చుట్టిన క్యాసెట్ ఒక్కటే ఉంది, దాని మీద ఏ పేరూ లేదు. మా లోకంలో అది లోపం కాదు, ఘనత. ఏ నేలమాళిగలోనో ఒంటరిగా కూర్చుని, ముఖం చూపించకుండా ఆల్బమ్ చేసేవాళ్లంటే మాకు ప్రాణం. వెనక ఏదో యంత్రం హోరు, దాని మీద నలభై నిమిషాలపాటు ఒక మగగొంతు మాటల్లేని అరుపు. నర్సు పదికి పది వేసింది. డ్రైవరు బస్సులో పెట్టి ప్రయాణికులతో తిట్లు తిన్నాడు. నేను పేజీన్నర రాశాను. "ఈ గొంతులో నటన లేదు. ఇంత నిజమైన నిరాశ ఈ మధ్య వినలేదు. రెండో భాగం కావాలి."

రెండో భాగం వచ్చింది. దుకాణంలో చెవుల్లో పెట్టుకుని అద్దం అరగదీస్తూ విన్నాను. ఈసారి అరుపు లేదు. యంత్రం హోరు మాత్రమే. చప్పగా ఉందే అనుకుంటుండగా ఈల మోగింది. ఆ ఈల నాకు తెలుసు. మోగుతూనే ఉంది. ఎవరూ లేవడం లేదు. నిమిషం దాటింది. ఇంకో నిమిషం. అప్పుడు అడుగుల చప్పుడు, మీట పడిన చప్పుడు, హోరు తగ్గింది. ఆవిరన్న గొంతు, మెల్లగా:

"ఈసారికి లేచాను."

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆయన పంపిన ఆ పెట్టె నాకు చేరేసరికే నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో ఈల ఎన్నిసార్లు మోగిందో, ఆయన ఎన్నిసార్లు లేచాడో. ఉన్నపళంగా పరిగెత్తాను. ఎవరిదో అద్దం చేతిలోనే ఉందని లాండ్రీ గేటు దగ్గరగానీ చూసుకోలేదు.

స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. నన్ను చూసి, అరుపు లేదని తిట్టుకున్నావా అని అడిగాడు. ఎంత ప్రయత్నించినా ఇక రావడం లేదట.

"ఏమైందన్నా నీకు?"

"మీ వదిన పోయి ఏడు నెలలు." కళ్లు గాజు గొట్టం మీంచి తీయలేదు. "అక్కడే, ఆస్పత్రిలో. ఆమె కప్పుకున్న దుప్పటి ఇక్కడికే వచ్చుంటుంది. ఏ దుప్పటో తెలీదు."

మా నర్సు పనిచేసేదీ ఆ ఆస్పత్రిలోనే. ఆయన భార్య ముఖం మాలో ఎవరికీ తెలియదు. మాకు ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఇంటి గోల పెట్టెలో పెట్టకూడదుగా, తమ్ముడూ."

ఎత్తిపొడుపు కాదు. నియమం పాటించే మనిషి ఎలా చెబుతాడో అలా చెప్పాడు. చెంప మీద కొట్టి ఉంటే నయం అనిపించింది.

సూపర్‌వైజరుతో మాట్లాడాను. ఒకటో తారీఖు నుంచి ఆయన్ను దుప్పట్లు మడతపెట్టే చోటికి మారుస్తారట, ఆలోగా బాయిలర్‌కి వేరే మనిషి దొరకడట. నర్సు ఆయన్ను డాక్టరుకు చూపించింది. మేం ముగ్గురం వంతులేసుకుని బాయిలర్ పక్కన కూర్చుంటున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మూత లోపలి మూడో నియమాన్ని గీకేశాను. అక్షరాలు పోయాయి, కింది గీతలు పోలేదు. ఆయనకు నచ్చిన ఆల్బములే పెడుతున్నాం. ఊపిరి అందని చోటు వచ్చినప్పుడు ముగ్గురం ఆయన ముఖమే చూస్తాం.

నిన్న నా వంతు. ఈల మోగింది. ఆయన లేస్తాడని ఒక్క క్షణం ఆగాను. తర్వాత నేనే లేచి మంట ఆపి వెనక్కి తిరిగాను. ఆవిరన్న స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు.