పూజలందుకున్న బ్లోయరు

ఆ రోజుల్లో నాచారంలో ఎవరూ కార్ వాష్ అనేవారు కాదు, వాటర్ సర్వీసింగ్ అనేవారు. (ఇప్పుడు అదే పనికి గాజు తలుపులు పెట్టి స్పా అంటున్నారు. కార్లకు కూడా మర్యాద పెరిగింది.) మా బావకు ఫ్యాక్టరీల రోడ్డు మీద అలాంటి షెడ్డు ఒకటి ఉండేది. డిగ్రీ తప్పాక ఏం చేయాలో నాకూ, నన్నేం చేయాలో ఇంట్లోవాళ్లకూ తోచక అందులో పడేశారు. నీళ్లు కొట్టేది బావ, తుడిచేది నేను. షెడ్డు గోడను ఆనుకుని మా అక్క చాయ్, మిర్చీల బండి నడిపేది. పొద్దస్తమానం తడిగుడ్డలు పిండి నా చేతులు నానబెట్టిన చింతపండులా తయారయ్యేవి. అంతకన్నా బాధేమిటంటే, ఉప్పల్ నుంచి కాప్రా దాకా డ్రైవర్లందరూ నన్ను ‘గుడ్డ’ అని పిలిచేవారు. అప్పటికే ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. పిల్లాడేం చేస్తాడని అడిగితే ఏమని చెప్పుకోను?

సరిగ్గా అప్పుడే రాణిగంజ్ నుంచి ఒక సేల్స్‌మన్ బ్లోయరు పట్టుకొచ్చాడు. కడిగిన కారు మీదికి దాని గొట్టం పట్టి గాలి కొడితే చాలు, గుడ్డతో పనే లేదట. దసరా వెళ్లేదాకా వాడి చూడండి, నచ్చకపోతే వాపసు తీసుకుపోతానన్నాడు. నాకు ఆ మిషన్‌లో నా పెళ్లి కనిపించింది. ‘మిషన్ ఆపరేటర్’ అని చెప్పుకుంటే ఎంత దర్జాగా ఉంటుంది! “జమానా మారింది బావా. పక్క షెడ్డోడు కొంటే మనం ఈగలు కొట్టుకోవాలె” అని బావ చెవిలో జోరీగలా చేరాను. అక్క మాత్రం మొదటిరోజే తేల్చేసింది. “మీరు తుడిసేటాల్లనే గదా డ్రైవర్లు కూసోని మిర్చీలు తినేది. గాలి కొట్టి గడియల పంపిస్తే నా పొయ్యి ఎవరికోసం ముట్టియ్యాలె?” బావ ఇద్దరి మాటలకూ తలూపేవాడు. నిజానికి మిషన్‌కు ఒక లోపం ఉంది. సైడు అద్దాల సందులో దాగిన నీళ్లు ఎంత గాలి కొట్టినా రావు, కారు కదలగానే బొటబొటా కారతాయి. అందుకని బావ చూడకముందే నేను సందులో గుడ్డ దూర్చి తుడిచేసి, “సూడు బావా, సుక్క లేదు” అని గొట్టం ఊదేవాణ్ణి.

దసరా రోజు పొద్దున్నే షెడ్డులో ఉన్న ప్రతి సామానుకూ ఆయుధపూజ చేశాం. బ్లోయరు గొట్టాన్ని స్టూలు మీద పడుకోబెట్టి, బొట్లు పెట్టి, పసుపు కుంకుమల పళ్లెం దాని మూతి ముందే ఉంచాడు బావ. “పూజ జేసినంక గియ్యాల దేన్నీ ముట్టొద్దు” అంది అక్క. అంతలో చర్చి అయ్యగారు తన తెల్ల మారుతిలో దిగారు. పదకొండింటికి ఆయన పెళ్లి జరిపించాలి, కారేమో బురదలో దొర్లినట్టుంది. పాత గిరాకీ, కాదనలేం. పంపును ముట్టకూడదు కాబట్టి బకెట్లతో కడిగాం. అయ్యగారు గడియారం చూసుకునేసరికి నాలోని ఆపరేటర్ ఆగలేకపోయాడు. “ఫికర్ జెయ్యకున్రి అయ్యగారు, ఒక్క నిమిషంల ఆరబెడ్త” అంటూ స్విచ్ వేశాను. గొట్టం ఇంకా స్టూలు మీదే ఉంది. దాని ముందు పళ్లెం ఉంది. పళ్లెం ముందు తడి కారు ఉంది.

పళ్లెంలోని పసుపూ కుంకుమా మొత్తం ఒక్క ఊపున లేచి కారుకు పట్టేశాయి. సందుల్లో మిగిలిన సబ్బునీళ్లు తగిలి పసుపు కూడా ఎర్రబడింది. అయ్యగారు కారునూ తన తెల్లచొక్కానూ మార్చి మార్చి చూసుకున్నారు. చొక్కాకు ఏమీ కాలేదు. “గిట్ల పోతే పెండ్లోల్లు నన్ను లోపలికి రానిస్తరా బాబూ?” అన్నారు నెమ్మదిగా. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇక బావ, నేను, అక్క, చాయ్ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు, అందరం గుడ్డలు పట్టి కారు మీద పడ్డాం. అంతసేపూ అయ్యగారు బల్ల మీద కూర్చుని మిర్చీలు తింటూ పెళ్లికొడుకు కథంతా చెప్పారు. వెళ్తూ వెళ్తూ, “మీ మిషన్ సల్లగుండ, దాని పుణ్యాన మస్తు మిర్చీలు తింటి” అన్నారు. పెళ్లికి సమయానికే అందుకున్నారట.

మర్నాడు సేల్స్‌మన్ రాగానే బావ, “వద్దు సారు, తీస్కపోన్రి” అన్నాడు. అప్పుడు అడ్డుపడింది ఎవరనుకున్నారు, మా అక్కే. “ఏమయ్యా, బొట్టు వెట్టి పూజ జేసిన దాన్ని పండుగ తెల్లారి బయటికి పంపుతరా ఎవలన్న? ఇంట్లున్న లచ్చిమిని ఎల్లగొట్టినట్టుండదా?” బావ దానికీ తలూపాడు. మిషన్ ఉండిపోయింది, అక్క బొగ్గుల పొయ్యి దగ్గర. ఒక్క ఊదు ఊదితే నిప్పు భగ్గుమనేది. రోజూ పొద్దున పొయ్యి రాజేసి, ఆ తర్వాత ఎప్పటిలా గుడ్డ పట్టేవాణ్ణి. పెళ్లిచూపుల్లో మాత్రం మిషన్ ఆపరేటర్ననే చెప్పాను. అబద్ధం కాదు కదా.

మొన్న అన్నోజిగూడ దగ్గర హైవే మీద మా కారు కడిగించాను. అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చున్నాం. నీళ్లు, నురగ, ఆపైన పెద్ద పెద్ద బ్లోయర్లు, అంతా అయిపోయి బయటపడ్డాం. ఎవరూ కూర్చోమనలేదు, చాయ్ తాగమనలేదు. అక్క మిర్చీల వాసన కోసం ప్రాణం కొట్టుకుంది. బండి పక్కకాపి దిగి, జేబురుమాలు తీసి సైడు అద్దం సందులో దూర్చాను. నీళ్లు అక్కడే ఉన్నాయి. లోపలినుంచి మా ఆవిడ అద్దం దించి చూసింది. పెళ్లయిన వారానికే అక్క పొయ్యి దగ్గర ఆ మిషన్‌ను చూసిన మనిషి ఆమె.

“అయిందా ఆపరేటర్ సారూ,” అంది, “గా పక్క అద్దం గూడ తుడిసి రాన్రి.”

తుడిచి వచ్చాను.