విమానం కడుపులో దారపుండలు

మా అబ్బాయి బాంబర్ విమానం బొమ్మ అతికిస్తున్నాడు. ఆ జిగురు వాసనకు సిరిసిల్లలో మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

మన వయసు వాళ్లకు గుర్తుందా? అడవిలో అన్నలు, వీధిలో పోలీసులు ఉన్న రోజులు. బాంబు అనే మాటను దీపావళికి కూడా గుసగుసగానే అనేవాళ్లం.

మరమగ్గాల పనికి వెళ్లిన భీవండి నుంచి వస్తూ నాన్న నాకు ఇలాంటి ప్లాస్టిక్ విమానమే తెచ్చాడు. ఒక్కో రెక్క మూరెడుండేది. మేమిద్దరం దాని కడుపు తలుపులు అతికిస్తుంటే బయట జీపు ఆగింది. అందులో పెట్టాల్సిన చిట్టి ప్లాస్టిక్ బాంబుల్ని నాన్న గుప్పిట్లో దాచేశాడు.

లోపలికొచ్చిన పోలీసు విమానాన్ని ఎత్తి, ఖాళీ కడుపులో వేలు పెట్టాడు.

"గిండ్ల ఏం పెడ్తరు?"

దారం కండెలు చుడుతున్న అమ్మ రాట్నం ఆపకుండానే అంది:

"నా దారపుండలు సార్."

"విమానంలనా?"

"సాలోళ్ల ఇంట్ల ఇంకేముంటయి సార్?"

ఆయన అమ్మ చుడుతున్న కండెల వైపు చూసి, బొమ్మను కింద పెట్టి వెళ్లిపోయాడు. నాన్న గుప్పిలి విప్పడానికి అమ్మ ఒక్కో వేలూ లాగాల్సి వచ్చింది. అరచేతిలో బాంబుల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

ఇందాక మా అబ్బాయి గట్టిగా అడిగాడు, "అమ్మా, ఈ బాంబులు ఎక్కడ పెట్టాలి?"

నేను ముందు వెళ్లి తలుపేసి వచ్చాను.