ర్యాంపు మీద కాలు కింద పెట్టకుండా

మా ఇంటికి వచ్చిపోయేవాళ్లలో మా ర్యాంపు మీద పడనివాళ్లు ఒక దశలో ఎవరూ మిగల్లేదు. పాలాయన పడ్డాడు. కరెంటు బిల్లు కొట్టే ఆయన మిషనుకు దెబ్బ తగలకుండా దాన్ని పైకెత్తి పట్టుకుని మరీ పడ్డాడు. పెళ్లి కార్డు ఇవ్వడానికొచ్చిన మా మేనత్త కొడుకు పైదాకా బాగానే ఎక్కాడు, కార్డు నా చేతిలో పెట్టాడు, నమస్కారం పెడుతూ పెడుతూనే గేటు దాకా జారిపోయాడు. పెళ్లికి వెళ్లాం. ఆయన కుంటుతూ ఎదురొచ్చి రమ్మన్నాడు.

మాది మొయినాబాద్ దగ్గర, చిన్న మంగళారం వైపు. మా దగ్గర రోడ్డు మళ్లీ వేసినప్పుడల్లా జానెడు ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్లు గుంటలో పడతాయి. ఆ భయంతో మా ఆయన ఇల్లు కట్టేటప్పుడే బేస్‌మెంటు ఛాతీ ఎత్తు లేపించాడు. రోడ్డు మాత్రం ఇప్పటికీ పెరగలేదు. దాంతో గేటు దగ్గర నుంచి పోర్టికో దాకా ఏటవాలు ర్యాంపు, దాని మీద అద్దంలా మెరిసే టైల్స్. శంకర్‌పల్లిలో ఉండే నా చెల్లెలి మొగుడు వాళ్లింటి ముందు సిమెంటు ఇటుకలు పరిపించాడు కాబట్టి మనం అంతకంటే మెరిసేది వేయాలని మా ఆయన పంతం. తోడల్లుళ్లిద్దరికీ పెళ్లిపీటల మీద నుంచే పోటీ.

సగం తప్పు నాదే, ఒప్పుకుంటాను. తెల్లారి లేచి పేడ నీళ్లు కలిపి వాకిట్లో సాన్పి చల్లందే నాకు టీ గొంతు దిగదు. మట్టి వాకిలైతే తాగేసేది. టైల్స్ తాగవు కదా, పైనే నిలబెడతాయి. నున్నటి టైల్స్, వాటి మీద పేడ నీళ్లు, పైగా వాలు. ఇంకేం కావాలి పడటానికి? సాన్పి మానేయమని అందరూ చెప్పారు. నేనెందుకు మానేయాలి? టైల్స్ నిన్న మొన్న వచ్చాయి, సాన్పి మా అమ్మమ్మ చల్లింది.

వాళ్లంతా పడితే పడ్డారు, లేచి వెళ్లిపోయారు. అసలు గొడవ నాది. చేవెళ్లలో నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లంగాలు. పదకొండేళ్లుగా మా ఆయన బండి వెనక కూర్చుని వెళ్తున్నాను. తనకూ రోజూ అక్కడ మార్కెట్లో పనులున్నాయనేవాడు కాబట్టి ఇద్దరం ఒకే బండి. ఆయన "అగో, ఒస్తున్న" అన్నాక బర్రెకు నీళ్లు పెట్టాలి, మోటారు చూసి రావాలి, మీసం దువ్వాలి, దువ్విన మీసం మళ్లీ దువ్వాలి. అక్కడ నా కొట్టు ముందు ఆడవాళ్లు చీర కొంగులు పట్టుకుని నిలబడి నన్ను తిట్టుకుంటుంటారు. విసిగిపోయి స్కూటీ కొన్నాను, మా పొలం బాటలో తిప్పి తిప్పి నేర్చుకున్నాను. ఇక నా టైముకు నేను వెళ్తానని చెప్పిన రోజే ఆయన షరతు పెట్టాడు.

"గీ ర్యాంపు కాలు కింద వెట్టకుంట ఎక్కు. గప్పుడు చేవెళ్ల రోడ్డుకు ఒక్కదానివే పో. సొంతింట్లకే ఎక్కరాకపోతే లారీల నడుమ ఏం నడుపుతవు?"

మాట సబబుగానే ఉందనిపించింది. ఒప్పుకున్నాను. నాలుగుసార్లు పడ్డాను. నాలుగోసారి బండి గేటు వైపు, నేను తులసికోట వైపు పోయాం. మోకాలికి పసుపు అద్దుకుంటూ, టైల్స్ పగలగొట్టి వేరేది వేయిద్దామన్నాను. "సరే, సూద్దాం" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

ఈసారి మోసపోకూడదని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మంచినీళ్ల సీసాలో పేడ నీళ్లు కలిపి, మూత గట్టిగా బిగించి, హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఏ రాయి నచ్చినా దాని మీద పోసి, చెప్పులు విడిచి నడిచి చూడాలి. నవ్వకండి. జాకెట్ గుడ్డ కొనేముందు రంగు పోతుందేమోనని తడిచేత్తో రుద్ది చూడరా? ఇదీ అంతే.

మొదట శంకర్‌పల్లి వెళ్లాం. ఆ ఇంట్లో అడుగు పెట్టడమే మా ఆయనకు నామర్దా, అయినా వచ్చాడు. చెల్లెలి వాకిట్లో సిమెంటు ఇటుకల మీద సీసా వంచాను. చెల్లెలి మొగుడు ఏదో శాంతి చేస్తున్నామనుకుని చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను నడిచాను. జారలేదు. వెనక్కి నడిచాను. జారలేదు. "గిదే ఏపిద్దాం" అన్నాను.

"ఇటుకల సందులల్ల గడ్డి మొలుస్తది," అన్నాడు మా ఆయన. "గడ్డిలకు కప్పలొస్తయి. కప్పలకు పాములొస్తయి."

"పాములొస్తే?"

"ఇంకేమున్నది, ఇల్లమ్ముకొనుడే."

తోడల్లుడు చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్లిపోయాడు. మాకు ఆ రోజు టీ కూడా రాలేదు.

తర్వాత గండిపేట. అక్కడ గేటు పెట్టిన కాలనీల్లో సిమెంటు మీద అచ్చులు ఒత్తి రాళ్లలా కనిపించేట్టు చేస్తారని ఎవరో చెప్పారు. కిరాయికి ఇల్లు చూస్తామని చెప్పి లోపలికి వెళ్లాం. సెక్యూరిటీ ఆయన ఒక్క అడుగు కూడా వదలకుండా వెంట నడిచాడు. ఒక ఇంటి ముందు నేను సీసా మూత తీసి కాస్త పోశానో లేదో ఆయన అడ్డమొచ్చాడు.

"అమ్మా, ఏం పోస్తున్నవు?"

"గంగనీళ్లు," అన్నాడు మా ఆయన, నేను నోరు తెరిచేలోపే. "ఇల్లు జూసేముందు గంగనీళ్లు సల్లుకుంటం."

"గిది ఏడి గంగ సార్? గీ రంగుల ఉన్నది?"

నేను అప్పటికే చెప్పులు విడిచాను. మిట్టమధ్యాహ్నం, ఎండాకాలం. జారలేదు, కానీ కాళ్లు కాలి గంతులేశాను. మా ఆయనకు అదే దొరికింది. "సూసినవా, ఎగురుతున్నవు. గిది మనకు పనికి రాదు." సెక్యూరిటీ ఆయన మమ్మల్ని గేటు దాకా సాగనంపి, గేటు వేసి, మేము కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

మూడోది మొయినాబాద్‌లో బండల దుకాణం. తాండూరు బండ ఒకటి నచ్చింది, పైన పొరలు పొరలుగా గరుకుగా ఉంది. కింద రెండు ఇటుకలు పెట్టి దాన్ని ఏటవాలుగా నిలబెట్టించి, సీసాలో మిగిలిందంతా పోశాను. ఎక్కి నిలబడ్డాను. వేలెడు కూడా జారలేదు. దుకాణం పెద్దాయన గడ్డం గోక్కుంటూ చూశాడు.

"అక్కా, మస్తు మందిని జూసిన. గోటితోటి గీకెటోళ్లను జూసిన, టార్చిలైటు ఏసి సూసెటోళ్లను జూసిన. ఇంటికాడి నుంచి పెండనీళ్లు తెచ్చినోళ్లను ఇయ్యాలనే జూస్తున్న."

నాకు గర్వమనిపించింది. మా ఆయన వైపు తిరిగాను. ఆయన బండను ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు.

"రంగు మంచిగ లేదు."

"ఏ రంగు గావాలె?"

"గీ రంగు గాకుంట వేరేది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ సీసా అక్కడే నేలకేసి కొట్టాను. "ఏందయ్యా నీ లొల్లి? ఒకదానికి పాములొస్తయి, ఒకటి కాలుతది, ఒకటి రంగు లేదు! అసలు నేను ఆ ర్యాంపు ఎక్కుడు నీకిష్టమేనా కాదా?"

"కాదు," అన్నాడు.

దుకాణం పెద్దాయన ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. అది మోగనే లేదు.

"దేని మీదనైనా నువ్వు ఎక్కుతవు. నువ్వు మొండిదానివి," అన్నాడు మా ఆయన బండను చూస్తూనే. "ఎక్కినంక ఇగ నేను చేవెళ్లకు ఎందుకు పోవాలె?"

"మార్కెట్ల నీ పనులు ఉంటయి గద!"

"ఏం పనులు? నిన్ను దించుత. చాయ్ తాగుత. ఇంటికొస్త. పొద్దూకినంక మల్ల ఒస్త."

పదకొండేళ్లు! నా నోట వచ్చిన మొదటి మాట, "గిన్నేండ్లు ఊకెనే పెట్రోలు కాల్చినవా?" సంతోషమేసింది, ఎందుకు వేయదు? సంతోషం కంటే రెండింతలు కోపం వచ్చింది. ఇష్టముంటే నోటితో చెప్పాలి గానీ, ఇష్టమున్న మనిషిని టైల్స్ మీద నాలుగుసార్లు పడనిస్తారా? దారి పొడవునా తిట్టాను. ఆయన బండి మెల్లగా నడుపుతూ అన్నీ విన్నాడు. ఇల్లు వచ్చాక ఒకే ఒక్క మాట అన్నాడు.

"బండ గూడ నడువంగ నడువంగ నున్నగైతది. సిమెంటు ఏపిచ్చి తాడు గీతలు పెట్టిద్దాం. గవి పోవు."

మేస్త్రీ వచ్చి టైల్స్ పగలగొట్టి కాంక్రీటు పోశాడు. పచ్చిగా ఉన్నప్పుడే అడ్డంగా కొబ్బరితాడు అదిమి తీస్తే టైరుకు పట్టు దొరికే గీతలు పడతాయి. మేస్త్రీ రెండు గీతలు పెట్టాడో లేదో మా ఆయన తాడు లాక్కుని, లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల మీద కూర్చుని మిగిలినవన్నీ తనే అదిమాడు. బెత్తెడు దూరానికొకటి పెట్టాల్సింది రెండు వేళ్ల దూరానికొకటి పెట్టాడు. "అన్నా, గింత దగ్గరగనా? ఇగ దీని మీద చీమలు గూడ జారయి," అన్నాడు మేస్త్రీ.

పది రోజులు గోనె సంచులు కప్పి తడపమన్నారు. మా ఆయన ఇరవై రోజులు తడిపాడు. నేనడిగితే ఇంకా పచ్చిగా ఉందనేవాడు. ఒకరోజు మేస్త్రీ అటుగా పోతూ బండి ఆపి, "ఇంకెన్ని నీళ్లు పోస్తవన్నా? వరి నాటుతవా ఏంది?" అని అరిచాడు. ఆ సాయంత్రమే సంచులు తీశాడు, ముఖం మాడ్చుకుని.

మర్నాడు పొద్దున సాన్పి చల్లాను. కావాలనే రెండు చెంబులు ఎక్కువ చల్లాను. గేటు బయటి నుంచే బండి వేగం అందుకుని ఎక్కించాను. కాలు కింద పెట్టలేదు. పోర్టికోలో ఆపి వెనక్కి చూస్తే మా ఆయన నా వెనకే వచ్చి, పట్టుకోవడానికి రెండు చేతులూ చాపి ర్యాంపు నడి మధ్యలో ఉన్నాడు.

"మల్లొకసారి ఎక్కు. సరిగ జూడలే," అన్నాడు. ఎక్కాను. మూడోసారి కూడా ఎక్కించాడు. తర్వాత చేతులు దించి, "ఇగ పో," అన్నాడు.

వెళ్లాను. ముందు ఎవరూ లేకపోతే గాలి ఎంత గట్టిగా కొడుతుందో ఆ రోజే తెలిసింది. పాట పాడుకోవాలన్నంత హుషారుగా ఉంది. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, ముందు రోజు ఒకామె జాకెట్ కుట్టించుకుని, పెళ్లికి తొడుక్కుని, రంగు కలవలేదని వాపసు తెచ్చింది. "ఇన్నవా, నిన్న కొట్టుకాడ..." అని గట్టిగా మొదలుపెట్టాను. వినే వీపు లేదు. పిల్లల ఫీజులు, అత్తమ్మ మీద నా చాడీలు, కొట్టులో గొడవలు, పదకొండేళ్లుగా మా ఇంటి మాటలన్నీ ఆ వీపుకే చెప్పాను. ఇంట్లో కూర్చుని మేము మాట్లాడుకున్నది ఎప్పుడు? హెల్మెట్ పెట్టుకుని ఉలకడు పలకడు, ఏం వింటాడులే అనుకునేదాన్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి. టమాటా డబ్బాలు దించుతున్న చోట బండి పక్కకు ఆపి ఫోన్ చేశాను.

"పడ్డవా?" అన్నాడు, హలో కూడా అనకుండా.

"పడలే."

"మరేంది?"

"ఏం లేదు. నిన్న కొట్టుకాడ ఒకామె వచ్చి..." అన్నాను. ఇంతలో లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. పొద్దూకినంక ఇంట్లో చెప్పరాదా అంటాడనుకున్నాను.

"లారీ పోనీ," అన్నాడు. "పోయినంక మొదటికెళ్లి చెప్పు. ఇంటున్న."