గుర్రానికి పేరుంది

రోడ్డు పక్కన చరిత్ర బోర్డు కనబడిందా, ఎల్వుడ్ స్ప్రేగ్ గారి ట్రక్కు ఆగిపోవాల్సిందే. ఇంజన్ ఆపి, దిగి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి అడుగున వేసిన సంవత్సరం దాకా బిగ్గరగా చదివితే గాని మళ్ళీ ఎక్కరు. ఓహాయో నది ఒడ్డునున్న ఆ జిల్లాలో ఇలాంటి ఇనుప బోర్డులు నలభై ఒకటి. అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. అయినా సరే, చదవాల్సిందే.

ఈ పారాయణం మొత్తం భరించాల్సిన ఖర్మ వెర్నాది. చనిపోయిన తమ్ముడి భార్య. కళ్ళకి శుక్లాలు కమ్మి మనుషులు మసకమసగ్గా కనిపిస్తున్న రోజులు. చర్చికైనా సంతకైనా బావగారి ట్రక్కే దిక్కు.

వాళ్ళింటి మలుపులోనే మొదటి బోర్డు. "యుద్ధానికి వెళ్తూ కర్నల్ హాస్కిన్స్ ఇచట తన గుర్రము బస్టర్‌కు నీళ్ళు పట్టించెను!"

"ఆ గుర్రం తాగి వందేళ్ళు దాటింది బావగారూ. ఒళ్ళో బంగాళాదుంపల కూర చల్లారిపోతోంది!"

"చల్లారితే వేడి చేసుకోవచ్చమ్మాయ్. చదవకుండా పోతే ఆ కర్నల్ ఏమనుకుంటాడు?"

మేనకోడలి పెళ్ళికి బయల్దేరితే దారిలో తొమ్మిది బోర్డులు తగిలాయి. వీళ్ళు చేరేసరికి పెళ్ళికూతురు బట్టలు మార్చుకుని కారెక్కుతోంది, కేకు పళ్ళెంలో పొడి మిగిలింది. ఇంకోసారి రోడ్డుకి అడ్డంగా ట్రక్కు పెట్టారని షెరిఫ్ మనిషి వస్తే, ముందు అతని చేత టోపీ తీయించి, బోర్డు పూర్తి చేశాకే జరిమానా కాగితం అందుకున్నారు. వెర్నా సిగ్గుతో సీట్లో కిందికి జారిపోయింది. ఏ బోర్డు దగ్గరా దిగనని ఆవిడ ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

ఒక్క బోర్డు దగ్గర మాత్రం కిటికీ అద్దం దించి వినేది. చేతితొడుగుల ఫ్యాక్టరీ ఉండిన చోటు అది. వెర్నాకి ఆరేళ్ళప్పుడు అది తగలబడింది. పైఅంతస్తులో కుడుతున్న ఏడుగురు ఆడవాళ్ళు దిగలేకపోయారు. అందులో వాళ్ళమ్మ ఆడెలా ఒకర్తె.

అక్కడ బోర్డు పెడతారని తెలిసి, ఆ ఏడుగురి పేర్లూ వేయమని వెర్నా బోర్డుల కమిటీ చుట్టూ తిరగని రోజు లేదు. ఆ ఊళ్ళో బోర్డు ఎవరు పెట్టిస్తే రాతా వాళ్ళదే. ఇది పెట్టించింది ఫ్యాక్టరీ యజమాని మనవడు. "ఏడు పేర్లకి స్థలం చాలదమ్మా," అన్నాడు కమిటీ పెద్ద.

"గుర్రం పేరుకి చాలిందిగా!" అని వాళ్ళ మొహం మీదే అరిచి వచ్చేసింది. బోర్డు తెర తీసే రోజున వెళ్ళనే లేదు.

మర్నాడు ఎల్వుడ్ అక్కడ ఆగారు, టోపీ తీశారు, చదివారు. చివర్లో గొంతు పెంచి ఏడు పేర్లూ చదివారు. నాలుగోది ఆడెలా ఫాస్. వెర్నా ఆ రోజు కూర చల్లారిందనలేదు. "పెట్టారా! చివరికి సిగ్గొచ్చిందన్నమాట," అని కళ్ళు తుడుచుకుంది. తర్వాత నాలుగేళ్ళు ప్రతి ఆదివారం అలాగే విన్నది.

ఆ తర్వాత కళ్ళకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికి, మొదటిసారి ఒట్టు తీసి గట్టునపెట్టి, ఆ బోర్డు దగ్గర ట్రక్కు దిగింది.

"వద్దమ్మాయ్, ఎండగా ఉంది," అన్నారు ఎల్వుడ్.

వెర్నా చదివింది. యజమాని పేరు మూడుసార్లుంది. అగ్నిప్రమాదానికి జంకక ఆరు నెలల్లో ఫ్యాక్టరీని తిరిగి నిలబెట్టిన ఆయన పట్టుదల ఉంది. ఆడవాళ్ళ ఊసే లేదు. బోర్డు వెనక్కి వెళ్ళి కూడా చూసింది.

"మా అమ్మ ఏది బావగారూ?"

ఆయన టోపీ అంచు నలుపుతూ నిలబడ్డారు.

"ఆ పేర్లు ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"సమాధుల మీంచి. అవీ చదువుతాగా. కమిటీకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నానమ్మాయ్. స్థలం చాలదనే రాస్తున్నారు."

"నాలుగేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారు! ఊళ్ళో ఒక్కరైనా చెప్పలేదు!"

"ఆ బోర్డు చదివితేగా చెప్పడానికి? ఈ ఊళ్ళో ఆగి చదివేవాణ్ణి నేనొక్కణ్ణే."

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది. కమిటీ మీద, ఆ మనవడి మీద, ఈ ముసలాయన మీద. ట్రక్కెక్కి తలుపు ధడాలున వేసుకుంది. కాసేపటికి అద్దం దించింది.

"ఊఁ, నిలబడ్డారేం? చదవండి."

ఆయన చదివారు. ఏడు పేర్లూ వచ్చాయి.

ఇంటి మలుపులో ట్రక్కు మామూలుగానే ఆగింది. ఈసారి వెర్నాయే ముందు దిగి, బావగారి నెత్తి మీది టోపీ తీసి ఆయన చేతిలో పెట్టి, గొంతు సవరించుకుంది.

"యుద్ధానికి వెళ్తూ కర్నల్ హాస్కిన్స్ ఇచట తన గుర్రమునకు నీళ్ళు పట్టించెను!"

"అయ్యో, గుర్రం పేరు వదిలేశావే!"

"స్థలం చాలలేదు బావగారూ," అంది వెర్నా. "పదండి, కూర చల్లారిపోతోంది."