అక్కయ్యగారికేమీ తెలియదు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ చూస్తుంటే మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక కరపత్రం వచ్చిపడింది. పైన దీపం బొమ్మ, కింద తామరపువ్వు, మధ్యలో సూటూ టై వేసుకుని చేతులు కట్టుకున్న ఒక డాక్టరుగారు. సైకెడెలిక్ వైద్యం, అంటే భ్రమలు కలిగించే మందులతో మనసుకి చేసే చికిత్స, దాని గురించి ఆయన మాట్లాడతారట. మనసు కుంగినవాళ్ళకీ, చావుభయంతో నలిగిపోయేవాళ్ళకీ ఇది కొత్త వెలుగట. అయినా మనకిదేం కొత్త కాదట, వేదాల్లోనే సోమరసం ఉందట. తర్వాత భోజనాలు. అప్పటికే బోలెడుమంది దణ్ణాల బొమ్మలూ చప్పట్ల బొమ్మలూ పెట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మావారు పక్కనుంచి తొంగిచూసి, "మంచి విషయమే కదా, ఎందుకంత చిరాకు?" అన్నారు. ఆయనకి కోపం రాదు. వాళ్ళింట్లో కోపమంతా చెల్లెలికే ఇచ్చేసి, మిగిలింది కోడలికని దాచినట్టున్నారు. ఆ ఫోటోలో మనిషిని నిక్కర్లతో తిరిగే రోజులనుంచీ నేనెరుగుదును. మా సంఘంలో అందరూ సర్జన్ గారు అని పిలిచే పెద్దాయన అబ్బాయి. ఈ వైద్యంలో పనిచేస్తున్నందుకే ఒకప్పుడు మా ఆడపడుచు ఉద్యోగానికి ఎసరు పెట్టిన పెద్దమనిషి. ఇప్పుడు తనే ఒక క్లినిక్ తెరిచి మనకి సోమరసం పాఠం చెప్తాడట!

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పలేదు. చెప్పొద్దని మాట తీసుకున్నది మా ఆడపడుచే. నిన్న ఫోన్ చేసి అడిగితే, "రాస్తే రాసుకో వదినా, పేర్లు మాత్రం వద్దు" అంది. కాబట్టి పేర్లుండవు.

మా ఆడపడుచు సైకియాట్రిస్టు. రెండువేల పది అటూ ఇటూగా ఉన్న ఆ రోజుల్లో జెర్సీ సిటీలో మా టవర్‌కి దగ్గర్లోనే ఉండేది. రోజూ ట్రైనెక్కి ఏరు దాటి మన్‌హాటన్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళేది. క్యాన్సర్ ముదిరి, చావుభయంతో తిండీ నిద్రా పోయినవాళ్ళకి, ఒక రకం పుట్టగొడుగుల్లో ఉండే మందు ఇచ్చి చూసే పరిశోధన అక్కడ జరిగేది. చట్టం ఆ మందుని హెరాయిన్ పక్కన కూర్చోబెట్టింది కాబట్టి, పరిశోధనకి అనుమతి తేవడానికే డాక్టర్లూ లాయర్లూ కలిసి ఏళ్ళ తరబడి తిరిగారట. నేను ఫార్మసిస్టుని, మందుల కాపలా అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా ఆ మందుకున్న ఇనప్పెట్టె, దాన్ని తియ్యడానికి ఇద్దరు మనుషులు, తూచి తూచి లెక్క చూసే ఇన్‌స్పెక్టర్లు, అదంతా వింటే మన పెళ్ళిళ్ళలో నగలకి కూడా అంత కాపలా ఉండదనిపించేది. మందిచ్చే గదిని మాత్రం డ్రాయింగ్ రూములా సర్దేవారట. సోఫా, దుప్పటి, పూలు. రోగి కళ్ళకి గంతలు కట్టుకుని సంగీతం వింటూ పడుకుంటే పక్కన ఇద్దరు డాక్టర్లు సాయంత్రం దాకా కూర్చోవాలి. "మనం మాట్లాడకూడదు వదినా. వాళ్ళు చెయ్యి చాపితే పట్టుకోవాలి, అంతే. అది కూడా ముందే అడిగి పెట్టుకోవాలి, పట్టుకోవచ్చా అని" అని చెప్పింది. నేను పడీపడీ నవ్వాను. మా ఇంట్లో పప్పన్నం తింటున్నంతసేపూ కూడా నోరు మూయని మనిషి, పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడకుండా కూర్చోవడం! "అందుకేనా తల్లీ, ఆ బాకీ అంతా ఇక్కడికొచ్చి తీర్చుకుంటున్నావు?" అన్నాను.

మనవాళ్ళు ఊరుకుంటారా, పుట్టగొడుగుల డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఒకావిడైతే మష్రూమ్ బిర్యానీ తిన్న మా అబ్బాయి అదేపనిగా నవ్వుతున్నాడు, కంగారుపడాలా అని నాకు ఫోన్ చేసింది. అంతవరకూ సరదాగానే ఉండేది. ఒక ఏడాది సంఘంవాళ్ళు ఆడవాళ్ళ ఆరోగ్యం మీద సభ పెట్టి మా ఆడపడుచుని మాట్లాడమన్నారు. ఏం మాట్లాడబోతోందో తెలిశాక సంఘం పెద్దగారు ఫోన్ చేసి, "అమ్మా, ఫ్యామిలీస్ వస్తారు, పిల్లలుంటారు. స్ట్రెస్ గురించో యోగా గురించో చెప్పండి, ఈ డ్రగ్స్ టాపిక్ అవాయిడ్ చేద్దాం" అన్నాడు. అభ్యంతరం చెప్పింది సర్జన్ గారని తర్వాత తెలిసింది. "చావు గురించి భయపడేవాళ్ళకి శవాసనం నేర్పమంటారా?" అని ఈవిడ ఫోన్ పెట్టేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అందరూ తేల్చేశారు. అదే సభలో, నొప్పుల క్లినిక్కు నడిపే ఒక డాక్టరుగారికి శాలువా కప్పారు. ఆయన రాసే మాత్రలకి అలవాటుపడి, నా కౌంటర్ ముందు చేతులు వణుకుతూ నిలబడ్డ కుర్రాళ్ళని నేను చూశాను. అవి డ్రగ్స్ కావు మరి. వాటికి ప్రిస్క్రిప్షనుంది, ఆయనకి బెంజి కారుంది.

సర్జన్ గారు చెడ్డమనిషని నేననను. ఈ ప్రాంతానికి మొదట వచ్చిన తెలుగు డాక్టర్లలో ఒకరు. కొత్తగా దిగినవాళ్ళెవరూ వాళ్ళింట్లో భోజనం చేయకుండా స్థిరపడలేదు. వండి పెట్టింది మాత్రం ఆయన భార్య. ఆవిడని మేమందరం అక్కయ్యగారు అనేవాళ్ళం. నేను వచ్చిన మొదటి చలికాలంలో నా పల్చటి స్వెట్టరు చూసి, తన కోటు విప్పి నాకు తొడిగి, తను కారుదాకా చీర కొంగు కప్పుకుని నడిచిన మనిషి. అలాంటావిడకి కడుపులో క్యాన్సరొచ్చింది. భర్తా డాక్టరే, కొడుకూ డాక్టరే, కోడలూ డాక్టరే. అంతమంది డాక్టర్లున్న ఇంట్లో ఆ మాట ఒక్కరూ ఆవిడతో అనలేదు. గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశాం అన్నారు. కీమో మొదలుపెట్టి, మళ్ళీ రాకుండా ముందుజాగ్రత్త అన్నారు. మా అందరికీ విడివిడిగా ఫోన్లు చేసి, "ఆవిడకేమీ తెలియదు, మీరెవరూ నోరు జారకండి" అని చెప్పారు. మేమూ తలలూపాం. మనలో ఇది ప్రేమ కింద లెక్క. జుట్టంతా రాలిపోయి తలకి స్కార్ఫ్ కట్టుకున్న మనిషి దగ్గరికెళ్ళి, కాస్త ఒళ్ళు చేశారండీ అని అబద్ధాలాడి వచ్చేవాళ్ళం.

ఒక శనివారం అక్కయ్యగారు కందిపొడి కావాలన్న వంకతో మా ఇంటికి వచ్చారు. మా ఆడపడుచు అప్పటికే వంటింట్లో బల్లమీదెక్కి కూర్చుని ఏదో వాదిస్తోంది. అక్కయ్యగారు కుర్చీ లాక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని, "అమ్మాయ్, నీ మందు నాకు పనికొస్తుందేమో చెప్పు. నాకు క్యాన్సరు కదా" అన్నారు. నేను గరిటె పక్కన పెట్టేశాను. "మీకు తెలుసా అక్కయ్యగారూ?" అన్నాను. "ముప్పై అయిదేళ్ళు సర్జనుతో కాపురం చేశానే, కీమో అంటే ఏమిటో తెలియదా? నాకు తెలుసని వాళ్ళకి తెలియదు, అంతే. రాత్రిళ్ళు ఊపిరాడదు. భయమేస్తోందని ఎవరితో అనను? అంటే ఆయన తట్టుకోలేరు." ఆ మందు తప్ప ఆవిడ ఎప్పుడూ తనకోసం ఏదీ అడగడం నేను వినలేదు.

మా ఆడపడుచు బల్ల దిగింది. తెలిసినవాళ్ళని తను చూడకూడదనీ, పరీక్షించేది వేరే డాక్టర్లనీ, వాళ్ళు ఒప్పుకుంటారన్న నమ్మకం లేదనీ, ఒప్పుకున్నా ఏ క్షణాన వద్దంటే అప్పుడు మానేయొచ్చనీ చెప్పింది. అంత నెమ్మదిగా తను మాట్లాడగలదని నాకప్పుడే తెలిసింది. మరో వారానికి అక్కయ్యగారిని నేనే ట్రైన్‌లో తీసుకెళ్ళాను. లోపల ఒక అమెరికన్ డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చాక అక్కయ్యగారు, "నీకు దేనికి భయం అని అడిగింది. చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఎంత హాయిగా ఉందో!" అన్నారు. దారిలో ఆకలేస్తోందని బండి దగ్గర ఆగి, వేడి వేరుశెనగలు కొనిపించుకుని, ట్రైనెక్కేలోపే తినేశారు.

అంతా ఇక్కడ చెడింది. పరిశోధనలో చేర్చుకోవాలంటే అక్కయ్యగారి ఆరోగ్యం గురించి ఆవిడ క్యాన్సర్ డాక్టరు ఒక ఉత్తరం ఇవ్వాలి. ఆయన మనవాడే, ఒకప్పుడు సర్జన్ గారి దగ్గర పనిచేసినవాడే. రోగి అడిగితే రోగికే జవాబివ్వాలని ఈ దేశంలో చట్టముంది. ఆయన ఆవిడకి జవాబివ్వలేదు, తిన్నగా సర్జన్ గారికి ఫోన్ చేశాడు. పెద్దాయన మీద గౌరవమట. అమెరికా చట్టాలన్నీ మనకి ఆఫీసులోనే. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి పెళ్ళాం కడుపులో జబ్బు కూడా మొగుడి సొత్తే.

ఆ వచ్చిన ఆదివారం సర్జన్ గారు నన్నూ మా ఆడపడుచునీ వాళ్ళింటికి పిలిపించారు. కొడుకూ వచ్చి ఉన్నాడు. అక్కయ్యగారు టీ కప్పులు తెచ్చి పెట్టి, భర్త పక్కన కూర్చున్నారు. "మా ఆవిడకి విషయం తెలియకుండా కంటికి రెప్పలా కాచుకుంటున్నాం. నీ రీసెర్చ్‌కి మనుషులు కావాలని నువ్వు చెప్పేశావా అమ్మా?" అన్నారు సర్జన్ గారు. "నేనేమీ చెప్పలేదు అన్నయ్యగారూ" అంది మా ఆడపడుచు. "మరెవరు చెప్పారు?" ఈవిడ కప్పు అందుకుని టీలోకే చూస్తూ కూర్చుంది. అక్కయ్యగారి వైపు కూడా చూడలేదు. అప్పుడు కొడుకు తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "మమ్మీ, బీ ఆనెస్ట్. నీకు క్యాన్సర్ ఉందని ఈ ఆంటీ చెప్పిందా?" అని అడిగాడు. అన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అలా బయటపడింది. సర్జన్ గారి మొహం చూడాలి. ఎన్నో కడుపులు కోసి కుట్టిన మనిషి, సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఉరిశిక్ష వినబోతున్నవాడిలా భార్యని చూస్తున్నాడు. అక్కయ్యగారు ఆ మొహాన్ని చూశారు. "నాకు క్యాన్సరేంటి నాన్నా?" అన్నారు. "నీరసానికేదో మందిస్తారంటే వెళ్ళాను. వద్దంటే మానేస్తాలే. టీ చల్లారిపోతోంది, తాగండి."

నాకు రక్తం మరిగింది. ఆవిడకి తెలుసయ్యా, మీకంటే ముందే తెలుసు అని అరవబోయాను. మా ఆడపడుచు నా ముంజేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒత్తుకుని చర్మం కందిపోయింది. లిఫ్ట్‌లో దులిపేశాను. "నిన్ను దొంగని చేస్తుంటే నోరెత్తవేం?" అన్నాను. "ఆవిడ చెప్పుకుంటే చెప్పుకోవాలి వదినా, ఆవిడ బదులు మనం చెప్పకూడదు. వాళ్ళు చేస్తున్నది అదే కదా" అంది. తర్వాత లిఫ్ట్ గోడకి ఆనుకుని ఏడ్చింది. నువ్వు కూడా ఎవరికీ చెప్పకూడదని నా దగ్గర మాట తీసుకున్నది అక్కడే.

కొడుకు ఊరుకోలేదు. తన జబ్బు సంగతే తెలియని అమాయకురాలికి మత్తుమందు ఆశ చూపారని ఆసుపత్రికి ఫిర్యాదు పంపాడు. విచారణ పెట్టారు. అది ముగిసేదాకా మా ఆడపడుచుని ఆ గదిలోకి రానివ్వలేదు. ఆ గదిలో ఈవిడకోసం ఎదురుచూస్తున్న మిగతా రోగుల సంగతి ఎవరికి పట్టింది? సంఘంలో మా ఎదురుగానే కుర్చీలు జరుపుకుని కూర్చునేవారు. మా వంటింట్లో విన్నమాట ఒక్కటి చెప్తే మా ఆడపడుచు ఆరోజే ఆ నిందలోంచి బయటపడేది. చెప్పలేదు. చివరికి తన తప్పేమీ లేదని తేలింది. తేలేసరికి అక్కయ్యగారు లేరు.

పోయే ముందు ఒకసారి ఆసుపత్రిలో చూశాను. సర్జన్ గారు మంచం దగ్గరనుంచి కదలరు. ఎవరో డాక్టరు పలకరించడానికొస్తే గుమ్మందాకా వెళ్ళారు. ఆ కాస్త సందులో అక్కయ్యగారు నా చెయ్యి దగ్గరికి లాక్కున్నారు. వేళ్ళు మంచులా ఉన్నాయి. "ఆ అమ్మాయికి అన్యాయం చేశాను. ఏమనుకోవద్దని చెప్పు" అన్నారు. ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినలేదు. "చావంటే ఇప్పుడంత భయంలేదే. ఇంకెన్నాళ్ళు బాగున్నట్టు నటించాలో, అదే నావల్ల కావడంలేదు" అన్నారు. ఆయన తిరిగి రావడం చూసి చెయ్యి వదిలేసి, "మీరు భోంచేశారా?" అని ఆయన్ని అడిగి నవ్వారు.

సంస్మరణ సభకి హాలు పట్టనంత జనం వచ్చారు. సర్జన్ గారు మైకు ముందుకొచ్చి, "చివరిదాకా ఆవిడకేమీ తెలియదు. ఏ భయమూ లేకుండా వెళ్ళిపోయింది. ఆ ఒక్క అదృష్టం మేం ఇవ్వగలిగాం" అన్నారు. హాలంతా కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. మా ఆడపడుచు వెనక వరసలో నిలబడి ఉంది. కారులో నేను తిట్టిన తిట్లన్నీ విని, "పోనీలే వదినా, ఆ పెద్దాయనకి ఇంకేం మిగిలింది?" అంది. ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. మా ఆడపడుచు క్షమించింది, మంచిదే. నేను క్షమించలేదు. ఇప్పుడు సంఘంలో ఎవరిని కదిపినా, అప్పట్లో ఎవరికీ తెలియదండీ, మనుషులు మారడానికి కాలం పడుతుంది కదా అంటారు. పడుతుంది, కాదనను. కానీ అలా పట్టిన కాలం ఎవరి ఆయుష్షులోంచి పోయిందో మాత్రం ఎవరూ అడగరు.