నడిసముద్రంలో ఆపిన ఓడ

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి పోవాల్సిన కాలం ఒకటి ఉండేది. ఇప్పటివాళ్ళకు చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. చేతిలో ఇంత ఫోను పట్టుకుని, అది అడిగే ప్రతి ప్రశ్నకూ చదవకుండానే 'సరే' అని నొక్కేసి, ఆ తర్వాత మోసపోయామని లబోదిబోమనే మనుషులకు నన్ను చూసి నవ్వే హక్కు ఎవరిచ్చారో నాకు తెలియదు. ఆ రోజుల్లో మేము ఏదైనా నొక్కేముందు ఆలోచించేవాళ్ళం. నేనైతే ఒకసారి సోమవారం మొదలుపెట్టి గురువారం దాకా ఆలోచించాను.

అప్పుడు నాకు బళ్ళారి కంటోన్మెంట్‌లో ఒక లారీల ఆఫీసులో ఉద్యోగం. తారానగర్ వైపు గనులకు ఏ లారీ ముందు లోడుకు పోవాలో, ఏది టైరు మార్చుకుని వెనక పోవాలో కుర్చీలో కూర్చుని చెప్పడం నా పని. ఆ కుర్చీకి పేరంటూ ఏమీ లేదు గానీ, దాని ముందు ఎంత మొండి డ్రైవరైనా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి (మానేశానా, మాన్పించారా అన్నది వేరే కథ) అంతకంటే సింహాసనం ఏముంటుంది? మిగతా చదువంతా చంకలో ఒక ఇంగ్లీషు నిఘంటువు పెట్టుకుని నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే ఆఫీసులో అందరూ నన్ను డిక్షనరప్పా అని పిలిచేవారు. గౌరవంగానే పిలుస్తున్నారని అనుకునేవాణ్ణి.

మా సావుకారు కాలువ మొదట్లో పొలాలున్న పాత రైతు కుటుంబం మనిషి. ఇనుపరాయికి గిరాకీ వచ్చాక లారీల్లోకి దిగారు. మా నాన్నేమో కోస్తా నుంచి వచ్చి, కప్పగల్లు దగ్గర అదే కాలువ చివర వరి పెట్టిన మనిషి. అంటే వాళ్ళ పొలాలు తాగి తేన్చాక మిగిలిన నీళ్ళు మావి. ఆ సంవత్సరం సావుకారమ్మగారి తమ్ముడు బెంగళూరులో కంప్యూటరు కోర్సు చేసి వచ్చాడు. అతనికి ఉద్యోగం కావాలి. ఆఫీసులో ఖాళీ కుర్చీ లేదు కాబట్టి నా కుర్చీ ఖాళీ కావాలి. సావుకారుకు భార్యతో కాదనే ధైర్యం లేదు, నన్ను పొమ్మనే ధైర్యమూ లేదు. రెండు పిరికితనాలు కలిస్తే ఒక పద్ధతి పుడుతుంది. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీల్లో దాన్నే ప్రతిభా పరీక్ష అంటున్నారు.

సావుకారు బావమరిది తెచ్చిన ఫ్లాపీల్లో ఒక ఆట ఉండింది. చదరంగంలాగ వంతులవారీగా ఆడాలి. తెర మీద మన ఊరూ దాని చుట్టూ నాలుగు గళ్ళూ తప్ప ప్రపంచమంతా నల్లగా ఉంటుంది. ఓడ కట్టి నీళ్ళలోకి తోస్తే, అది గడి తర్వాత గడి పోయే కొద్దీ నలుపు తొలిగి సముద్రమో నేలో కనబడుతుంది. ఓడకు వంతుకు ఇన్ని గళ్ళే అని లెక్క. అవి అయిపోతే కింద మూలన 'నీ వంతు ముగిసింది' అని ఒక ఇంగ్లీషు ముక్క మినుకుమినుకుమంటుంది. ఎంటర్ నొక్కితే అవతలివాడి వంతు. ఇద్దరూ ఒకే కంప్యూటరు ముందు మార్చి మార్చి కూర్చోవాలి. సావుకారు ఒక మధ్యాహ్నం భోంచేసి వచ్చి ఈ ఆట చూసి, తీర్పు చెప్పారు.

"ఓడలైనా లారీలైనా తోలే తెలివి ఒకటే కదప్పా. మీ ఇద్దర్లో ఎవురు ముందు అవతలి గడ్డ కనుక్కుంటే కుర్చీ వాళ్ళది. మా ఇంట్లో గూడా ఇదే చెప్తాను."

గడ్డ కనుక్కోవాల్సిన నేను అప్పటిదాకా సముద్రాన్ని క్యాలెండరులో తప్ప చూసినవాణ్ణి కాదు. బావమరిది తన ఓడను ఒడ్డు వెంబడే, గోడ పట్టుకుని నడిచే ముసలాయనలాగ నడిపించాడు. నాకు రోషం వచ్చింది. లారీ ఊరి చుట్టూ తిరుగుతుందా, ఊరికి పోతుందా? నా వంతు రాగానే నా ఓడను నేరుగా తూర్పుకు, నడిసముద్రంలోకి తోలేశాను. గళ్ళు అయిపోయాయి. చుట్టూ నీళ్ళే. మూలన మినుకు మొదలైంది. నొక్కేముందు, అలవాటు కొద్దీ, ఆటలోనే ఉన్న సహాయం పేజీ తెరిచి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఆ పాతకాలపు ఓడ, వంతు ముగిసే వేళకు ఒడ్డు పక్కన లేకపోతే మునిగిపోయే ప్రమాదం ఉందట.

వంతు ముగిస్తేనే కదా ఆ ప్రమాదం? ముగించకపోతే? దాని గురించి ఆ పేజీలో ఒక్క ముక్క లేదు.

కాలువ చివర పెరిగినవాడికి ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ నేర్పక్కర్లేదు. వంతు నీళ్ళు వచ్చినప్పుడు 'నాది అయిపోయింది, ఇక నువ్వు పెట్టుకో' అని తనంతట తాను చెప్పిన రైతును నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పక్కవాడు పార భుజాన వేసుకుని వచ్చి గట్టు మీద నిలబడాలి, దగ్గాలి, మన వంశాన్ని రెండు మూడు తరాల దాకా తలుచుకోవాలి. అప్పుడు గానీ మనకు పొద్దు ఎంతయిందో తెలియదు. నేను కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాను.

"స్వల్ప బేగ నొక్కన్నా," అన్నాడు బావమరిది, బెంగళూరు కన్నడం కలిపి తొందర చేస్తూ.

"చూస్తాండా."

"గళ్ళన్నీ అయిపోయినాయి కదన్నా, ఇంకేం చూస్తాండావ్?"

"నా వంతుప్పా ఇది. అయిపోయిందని నేను అన్నప్పుడు అయిపోతాది."

ఆ సాయంత్రం కంప్యూటరు ఆర్పలేదు. 'ముట్టుకోరాదు' అని చీటీ రాసి అంటించి ఇంటికి పోయాను. మంగళవారం బావమరిది ఇది అన్యాయమన్నాడు. ఇంతసేపట్లో ముగించాలని ఎక్కడ రాసుందో చూపించమని నిఘంటువు కూడా అతని ముందుకే తోశాను. పాపం, మధ్యాహ్నం దాకా వెతికాడు. డ్రైవర్లు లోడు సంగతి మానేసి, కిటికీలోంచి తొంగిచూసి మునిగిందా అని అడిగి పోయేవారు. కరెంటు పోయినప్పుడల్లా బల్ల కింద బ్యాటరీ పెట్టె కుయ్యో కుయ్యోమని ఏడ్చేది. అంతసేపూ నా ప్రాణం ఆ ఓడలోనే ఉండేది. బుధవారానికి లోడు బిల్లులు చిక్కుకున్నాయి. అవీ ఆ కంప్యూటరులోంచే రావాలి మరి. గురువారం పొద్దునకు లారీలు ఆఫీసు ముందు నుంచి సందు మలుపు దాకా వరస కట్టాయి. సావుకారు చెప్పులతోనే గదిలోకి వచ్చేశారు.

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆయన తెరను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ తెరను చూశారు. బావమరిది ఫిర్యాదంతా వింటున్నట్టే ఉన్నారు గానీ, ఆయన ముఖంలో మెల్లగా ఏదో పాత పరిచయం కనబడింది.

"యాడ నేర్చినావప్పా ఇది?"

"మీ దగ్గరే సావుకార్రే. పైన మీరు వదిలితే కదా, కింద మాకు వచ్చేది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు, కాలువ పంచాయతీలో కూర్చున్నట్టే.

"సరే, కాలువ కాడ ఏం చేస్తామో ఈడా అదే చేద్దాం. కుర్చీ ఒకటి, పాళి రెండు. పొద్దున నువ్వు, మధ్యాన్నం మావోడు. జీతం ఎవురికీ తగ్గదు. ఒప్పుకుంటే ఇప్పుడే నొక్కెయ్. నా లారీలు ఎండుతాండాయి."

నేను చకచకా లెక్కవేశాను. నొక్కితే ఓడ మునుగుతుంది. ఓడ మునిగితే కుర్చీ మొత్తం పోతుంది. ఇప్పుడైతే సగం దక్కుతోంది. ఒప్పుకున్నాను. గెలిచినవాడిలాగ అందరి వైపూ ఒకసారి చూసి మరీ ఎంటర్ నొక్కాను.

ఓడ మునగలేదు.

మునగాలా వద్దా అన్నది ఆ యంత్రం బొమ్మా బొరుసూ వేసుకున్నట్టు అప్పటికప్పుడు తేలుస్తుందట. ఆ రోజు నా వైపు పడింది. బావమరిది తన వంతును రెప్పపాటులో కానిచ్చి నొక్కేశాడు. నేను ఒక్క గడి తూర్పుకు జరిపాను. నలుపు తొలిగింది. ఎదురుగా పచ్చటి నేల, చెట్లు, ఒక కొండ. మూడు రోజుల పాటు అవతలి గడ్డ నా ఓడ ముక్కు ముందే ఉండింది. నేను సావుకారు వైపు తిరిగాను. ఆయన లేచి పంచె సర్దుకున్నారు. "మాట మాటేనప్పా," అని, బయట లారీల మీద కేకలు వేయడానికి వెళ్ళిపోయారు.

అలా ఏళ్ళ తరబడి సగం కుర్చీ మీద బతికాను. రోజూ మధ్యాహ్నం బావమరిది వచ్చి నా వెనక నిలబడాల్సిందే; నాకు నేనుగా లేచింది లేదు. ఒక్కసారి మాత్రం, మా లారీ ఒకటి చెన్నై ఓడరేవుకు పోతుంటే, నాకెందుకో సముద్రం చూడాలనిపించింది. నేనే అతని దగ్గరికి పోయి, రెండు రోజులు నా పొద్దుటి వంతు కూడా నువ్వే చూసుకో అని చెప్పాను. మా వంశంలో అలాంటి మాట అన్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. చెన్నైలో డ్రైవరు నన్ను ఒడ్డు మీదికి తీసుకుపోయాడు. దూరంగా, నీళ్ళ మధ్య, పెద్ద పెద్ద ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎందుకు నిలబడ్డాయని అడిగితే, లోపలికి పోయే పాళి ఇంకా రాలేదంట అన్నాడు. ఎండ దిగేదాకా చెప్పులు విడిచి అక్కడే కూర్చున్నాను. ఒక్కటీ మునగలేదు.

తిరిగొచ్చేసరికి బావమరిది పొద్దునే నా కుర్చీలో స్థిరంగా కూర్చుని ఉన్నాడు. ఇది నా వంతు అన్నాను. "చూస్తాండా అన్నా," అన్నాడు, చేతులు కట్టుకుని. దాన్ని రాబట్టుకోవడానికి దసరా దాకా పట్టింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. బెంగళూరు మనిషిని అంత త్వరగా మన కాలువ మనిషిగా మార్చింది ఎవరని అడగకండి. కానీ సముద్రం ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని కూర్చున్న ఆ డిక్షనరప్ప గుర్తొస్తే మాత్రం, ఈ వయసులో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నవ్వొస్తుంది.