కొబ్బరి నీళ్లు, కాల్వ గాలి

ఆ రోజు ఫస్ట్ పీరియడ్‌లో మూడో తరగతి పిల్ల ఒకతి నా ముఖంలోకి చూసి, "టీచర్, ఏడ్చినవా?" అని అడిగింది. నేను ఏడవలేదు. పొద్దున లేచేసరికే కళ్ల కింద ఉబ్బి ఉంది, నిద్ర చాలలేదేమో అనుకున్నాను. సాయంత్రం మా వేములపల్లిలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయాయి. వేలితో నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. అప్పుడు భయం వేసింది.

మిర్యాలగూడలో రక్తపరీక్ష చేసి, క్రియాటినిన్ చాలా ఎక్కువుంది, నెఫ్రాలజిస్టుకు, అంటే కిడ్నీల డాక్టరుకు చూపించుకోమన్నారు. సూర్యాపేట డాక్టరు స్కానింగ్ చూసి, "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయినయమ్మా. ఎప్పటినుంచో బీపీ ఉండి ఉంటది, మీరు చూసుకోలేదు. ఇక డయాలసిస్ మొదలుపెట్టాలె" అన్నాడు. ఎన్నాళ్లు అని అడిగాను. "ట్రాన్స్‌ప్లాంట్ అయ్యేదాకా. లేకుంటే ఇట్లనే నడిపిద్దాం." నా జీవితం ఆ 'ఇట్లనే'లో పడింది.

మా అక్క కోదాడ నుంచి పరుగున వచ్చింది. "నాదిస్తానే, నువ్వెందుకు దిగులుపడతావు" అని టెస్టులకు కూర్చుంది. ఆ టెస్టుల్లో ఆమెకే షుగర్ బయటపడింది. నాకు కిడ్నీ ఇద్దామని వచ్చిన మనిషి తన మందులు పట్టుకుని తిరుగు బస్సెక్కింది. మా ఆయన బ్లడ్ గ్రూప్ కలవలేదు. అత్తమ్మ "నాది తీస్కోండ్రి" అంటే, ఆమె వయసు చూసి డాక్టరు నవ్వి, కుదరదన్నాడు.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టి ఫిస్టులా వేశారు. వారానికి మూడుసార్లు మిర్యాలగూడ దవాఖానలో మిషన్ మీద పడుకోవాలి. సూదుల నొప్పికి అలవాటు పడ్డాను గానీ దాహానికి ఈనాటికీ పడలేదు. నీళ్లు కొలిచి తాగాలి. మా ఎండల్లో ఆ కొలత గొంతు తడుపుకోవడానికే సరిపోదు. అరటిపండు వద్దన్నారు, బత్తాయి వద్దన్నారు, టమాట తగ్గించమన్నారు. మాది చర్చికి వెళ్లే కుటుంబం. దేవుడు ఇచ్చిన ఆహారానికి స్తోత్రం చెప్పనిదే ముద్ద ముట్టం. ఇచ్చినవన్నీ ఒక్కొక్కటే లాగేసుకుంటుంటే దేనికి చెప్పాలో నాకు తోచేది కాదు.

కొబ్బరి బోండాం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అడగాలని మాకూ తట్టలేదు. జ్వరమొచ్చినా, కాన్పయినా, మనిషిని చూడటానికి వెళ్తే మా వైపు చేతిలో ఉండేది బోండామే. ఒక ఆదివారం నీరసంగా పడుకుని ఉంటే, అత్తమ్మ పెరట్లో చెట్టు కాయలు దింపించి గ్లాసు నిండా పోసి తెచ్చింది.

"మందులు మనుషులు జేసినయి బిడ్డా. ఇవి దేవుడు పోసిన నీళ్లు. తాగు, సలవ జేస్తది."

తాగాను. ఆ చల్లదనానికి కళ్లు మూతపడ్డాయి. జబ్బు చేశాక మొదటిసారి, ఎవరూ చెప్పమనకుండానే, మనసారా స్తోత్రం అనుకున్నాను. అత్తమ్మ సంతోషంగా ఇంకో గ్లాసు పోసింది.

సాయంత్రానికి లేవబోతే మోకాళ్లు నిలబడలేదు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. డ్యూటీ డాక్టరు ఈసీజీ చూడగానే, "ఏం తాగించిన్రు?" అని గట్టిగా అడిగాడు. అత్తమ్మ చెప్పింది. "అండ్ల పొటాషియం ఉంటది పెద్దమ్మా. ఈమెకు అది బయటికి పోదు. ఇంకాసేపైతే గుండె ఆగిపోతుండె." వెంటనే ఇంజెక్షన్లు ఇచ్చి, డయాలసిస్ పెట్టారు. బతికాను.

అత్తమ్మ మీద నాకు కోపం రాలేదు. దేవుడి మీద వచ్చింది. నిజంగా స్తోత్రం చెప్పిన ఒక్క రోజే నన్ను దెబ్బకొట్టాడు. ఆ తర్వాత అన్నం ముందు చేతులు జోడించడం మానేశాను. అత్తమ్మ మందుబిళ్లకు నీళ్లు అందించాలన్నా జంకేది. "నా చేతులతోనే పోస్తి గద" అని ఒక్కతే గొణుక్కునేది.

ఒకరోజు డయాలసిస్ నుంచి వస్తుంటే నాకు తల తిరిగింది. వెంట ఉన్న అత్తమ్మ సాగర్ కాల్వ దగ్గర ఆటో ఆపించి, నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. కాల్వ నిండుగా పోతోంది. ఫిస్టులా చేయి ఒడిలో పెట్టుకుని పాదాలు నీళ్లలో వదిలాను. వరిపొలాల మీదుగా గాలి వచ్చింది. అత్తమ్మ కొంగు తడిపి నా మెడ తుడవబోయి ఆగింది.

"దీనికి గూడ డాక్టర్‌ను అడగాల్నా బిడ్డా?"

నవ్వొచ్చింది నాకు. అక్కడున్నంతసేపు దాహం గుర్తురాలేదు. అప్పటి నుంచి వచ్చేటప్పుడల్లా అక్కడ ఆగుతున్నాం.

జబ్బు తగ్గలేదు, తగ్గదు. బడి మానేశాను. ట్రాన్స్‌ప్లాంట్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. దవాఖానలో పక్క బెడ్డు మనిషి కనబడకపోతే ఏమయ్యారని అడగడం మానేశాను. ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. కిడ్నీ జబ్బు మనిషిని చూడటానికి వెళ్తే డాక్టర్‌ను అడగనిదే పండు గానీ, జ్యూస్ గానీ, బోండాం గానీ నోటికి అందించకండి. చేతులూపుకుంటూ వెళ్లడం బాగోదనిపిస్తే, వాళ్లను కాసేపు గాలి తగిలే చోట కూర్చోబెట్టి మీరూ పక్కన కూర్చోండి.

మొన్న కాల్వకు నీళ్లు బంద్ చేశారు. అడుగున బురద, నాలుగు కొంగలు. అయినా అత్తమ్మ ఆటో ఆపించింది. గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుని స్తోత్రం మొదలుపెట్టింది.

"దేనికత్తమ్మా? నీళ్లు గూడ లేకపాయె."

"గాలున్నది గద బిడ్డా."

నేను ఆమెన్ అనలేదు. రోడ్డు మీద ఆటో అతను హారన్ కొడితే మాత్రం, "జర ఆగు తమ్మీ, ఆమె ప్రార్థన అయిపోనీ" అన్నాను.